ముప్పై ఐదు గంటల విమానం

మా పడమటి సీమకు కరువు కొత్త గాదు. వాన రాక వచ్చిన కరువులున్నాయి, వాన ఎక్కువై వచ్చినవి ఉన్నాయి, మిడతలు మోసుకొచ్చినవి ఉన్నాయి. అట్లాసు పుస్తకంతో కరువు తెచ్చిన మొనగాణ్ణి మాత్రం గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు రెండూ జల్లెడ పట్టినా నేనొక్కణ్ణే దొరుకుతాను. ఒక పాలెం పాలేన్ని ఒకటిన్నర రోజు పచ్చి నీళ్లు గూడా ముట్టనీకుండా పస్తు పెట్టినాను. అప్పటికి నాకు పంతొమ్మిదేండ్లు. ఆ వయసుకే ఇంత పని చేసినోణ్ణి, ఇంకా పైకి రావాల్సింది గానీ, మా నాయన రానియ్యలేదు.

రెండో యుద్ధం నడుస్తాండే రోజులు. నేను మార్కాపురం హైస్కూల్లో ఎస్సెస్సెల్సీ ముగించుకోని ఊరికొచ్చినాను. మా ఊరు గిద్దలూరికీ రాచర్లకూ నడుమ, బండితోవకు ఒక పక్కగా ఉంటుంది. ఆ ఊర్లో ఎస్సెస్సెల్సీ పాసయినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. రెండోవాడు లేడు గాబట్టి కడపటివాణ్ణి గూడా నేనే. ఉద్యోగం కోసం కర్నూలుకు అర్జీలు పంపినాను. వాటికి జవాబులు వచ్చేలోపల ఊరికి జ్ఞానం పంచుదామని మొదలుపెట్టినాను. ఎవరూ అడగలేదు. అయినా పంచినాను.

"భూమి గుండ్రంగా ఉంటది, తెలుసునా మామా?" అని ఎద్దులు తోలుకపోయేవాళ్లను నిలబెట్టి అడిగేవాణ్ణి.

"ఉంటే ఉండనీలే అల్లుడా, మా చేను మాత్రం పల్లంగానే ఉంది" అని వాళ్లు ఎద్దులను అదిలించుకోని పోయేవాళ్లు.

నా జ్ఞానానికి మూలం ఒక అట్లాసు. మార్కాపురం విడిచిపోతాండే ఒక అయ్యవారు నాకు ఊరికే ఇచ్చినాడు. ఊరికే ఎందుకు ఇచ్చినాడో తెరిచి చూస్తే గానీ తెలియలేదు. సగం దేశాలకు చెదలు పట్టింది. ఆఫ్రికా నడుమ వేలు దూరేంత బొక్క. అయినా మిగిలిన ప్రపంచమంతా నా చంకలోనే ఉండేది. చెంబు పట్టుకోని చేనుగట్టుకు పోయినా రెండో చంకలో అట్లాసు ఉండాల్సిందే.

పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందంట. నాకు అట్లాసు ఇస్తే ఏమైందో వినండి.

మా ఊరికి తూర్పున పాలెం ఉంది. ముప్పై నలభై ఇండ్లు, ఒక మిషను గుడి, అంతా క్రైస్తవులు. మా ఊర్లోని చేలన్నీ కలుపు తీసేదీ, కోసేదీ, పీకేదీ వాళ్లే. ఆ పాలెంలో మరియమ్మ అని ఒక అవ్వ. మొగుడు లేడు. ఒక్కడే కొడుకు, దేవదానం. వాడు పటాలంలో చేరి లారీలు బాగుచేసే పనిలో ఉండినాడు. ఎక్కడున్నాడంటే ఎవరికీ తెలియదు. మిలిటరీ జాబుల్లో ఊర్ల పేర్లు రాయకూడదంట. రాస్తే సర్కారోళ్లు వాటి మీద నల్లసిరా పూసి మరీ పంపించేవాళ్లు.

కార్తీకమాసం చివర్లో ఒక పొద్దున మరియమ్మవ్వ మా అరుగు కాడికి వచ్చినాది. చేతిలో జాబు.

"అబ్బయ్యా, ఉపదేశి గిద్దలూరికి పోయినాడు. వచ్చేదాక నా పానం ఆగదు. రవ్వంత చదివి పెట్టవా?"

ఉపదేశి అంటే పాలెంలో ప్రార్థనలు జరిపించి, పిల్లలకు అక్షరాలు చెప్పే యోహానన్న. జాబులు చదివే పని ఎప్పుడూ ఆయనదే. ఆ రోజు నా చేతిలో పడింది. జాబు ఖర్మ.

చదివినాను. "ప్రియమైన అమ్మకు దేవదానం వ్రాయునది. నేను క్షేమం. ఇక్కడ వాన విడిచిపెట్టడం లేదు. జలగలు బూట్లలోకి దూరతాన్నాయి. వచ్చే నెల మొదటి శుక్రవారం తెల్లారి అయిదు గంటలకు మమ్ములను ఏరోప్లేను ఎక్కిస్తారంట." ఆ తర్వాత "ఏరోడ్రోము నుంచి" అనే మాటకు ముందర ఒక నల్లమచ్చ, "ఏరోడ్రోముకు" అనే మాటకు ముందర ఇంకొక నల్లమచ్చ. చివర్లో, "నువ్వు భయపడవద్దు. ప్రార్థన చెయ్యి."

భయపడవద్దు అని కొడుకు రాసిన జాబు విని భయపడని తల్లి ఏ దేశంలోనైనా ఉందా? నా అట్లాసులో అయితే లేదు. అవ్వ అరుగు అంచు పట్టుకోని కింద కూలబడింది.

"ఏరోప్లేనంటే ఆ పైన పొయ్యేదేనా అబ్బయ్యా? కింద పట్టుకునేదానికి ఏముంటది?"

"ఏమీ ఉండదవ్వా. గాలే."

"గాలి మీదనా! ఎంతసేపుంటాడు గాలి మీద?"

ఇదిగో, ఇక్కడే. ఇక్కడే నేను "తెలియదవ్వా" అని ఉంటే ఈ కథ లేదు. ఊర్ల పేర్లు రెండూ సిరాలో మునిగిపోయినాయి. ఏ ఊరి నుంచో, ఏ ఊరికో తెలియకుండా ఎంతసేపని చెప్పడం బ్రహ్మతరం గూడా గాదు. కానీ బ్రహ్మ ఎస్సెస్సెల్సీ పాసు గాలేదు గదా!

"లెక్క కట్టాల. రెండు రోజులు టైమియ్యి" అన్నాను, కండ్లు సగం మూసి.

అవ్వ జాబు నా కాడనే విడిచిపోయినాక దాన్ని ఎండకు పట్టి చూసినాను. మొదటి మచ్చ కింద "రా" అనే అక్షరం ఉన్నట్టు తోచింది. రెండోదాని కింద "పూర్" అన్నట్టు తోచింది. తోచింది అంటాన్నా, కనపడింది అనడం లే. అట్లాసు తీసి "రా" తో ముగిసే ఊరి కోసం వెదికినాను. బస్రా దొరికింది. ఎక్కడో అరబ్బుల ఎడారి పక్కన. "పూర్" కోసం వెదికితే మణిపూర్ దొరికింది, అస్సాము అవతల. మా అమ్మ నల్లదారం తెచ్చి రెండింటి నడుమ పట్టి కొలిచినాను. పద్నాలుగు అంగుళాలు. అంగుళానికి రెండువందల మైళ్లు. వెరసి రెండువేల ఎనిమిదివందల మైళ్లు. ఆ సంఖ్య చూసుకోని నాకే కండ్లు తిరిగినాయి, ఆనందంతో.

ఇంక వేగం కావాల. మరుసటి రోజు గిద్దలూరు స్టేషనుకు నడిచిపోయి టిక్కెట్ల గుమాస్తాను అడిగినాను.

"ఏరోప్లేను గంటకు ఎన్ని మైళ్లు పోతుందండీ?"

ఆయన టిక్కెట్లు ఎంచుకుంటా తల ఎత్తకుండానే, "మా రైలు ఇరవై మైళ్లు పోతుంది, బర్రెలు పట్టాల మీద పండుకోకపోతే. ఏరోప్లేను దానికి నాలుగింతలన్నా పోదా?" అన్నాడు.

ఆయన అడిగింది ప్రశ్న. నేను దాన్ని జవాబు కింద రాసుకున్నాను. నాలుగు ఇరవైలు ఎనభై. రెండువేల ఎనిమిదివందలను ఎనభైతో భాగిస్తే ముప్పై ఐదు. శేషం సున్న! శేషం సున్న వచ్చిన లెక్క తప్పయ్యేదానికి వీలే లేదని ఆ వయసులో నా గట్టి నమ్మకం.

అట్లాసు చంకన పెట్టుకోని నేనే పాలేనికి పోయినాను. అవ్వ ఇంటి ముందర పది పదిహేను మంది చేరినారు. యోహానన్న గూడా వచ్చినాడు. ప్రపంచాన్ని నేల మీద పరిచి, ఒక పుల్లతో చూపించినాను.

"ఇదిగో, పడమర బస్రా. అదిగో, తూర్పున మణిపూర్. నడుమ సముద్రం, ఎడారి, మన దేశం. శుక్రవారం తెల్లారి అయిదింటికి లేస్తే శనివారం సాయంత్రం నాలుగింటికి దిగుతాది. ముప్పై ఐదు గంటలు."

అవ్వ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. యోహానన్న మాత్రం జాబు అడిగి తీసుకోని, నిదానంగా చదివినాడు. ఆయన మెత్తని మనిషి. మెత్తని మనుషులు అడిగే ప్రశ్నలు గట్టిగా ఉంటాయి.

"సుబ్బయ్య తమ్ముడూ, ఎడారి అంటాన్నావు. దేవదానం వాన విడవడం లేదని రాసినాడే?"

"ఎడారిలో వాన అప్పుడప్పుడు పడుతుందన్నా. పడితే విడవదు."

"మరి జలగలు?"

"ఎడారి జలగలు వేరే జాతి. పుస్తకాల్లో ఉంది."

"పూర్ అని ముగిసే ఊర్లు లెక్కలేనన్ని ఉంటాయి గదా. మన మార్కాపూరు గూడా పూరే."

"మార్కాపురంలో ఏరోప్లేను ఎక్కడ దిగుతదన్నా, పలకల గనిలోనా?"

అందరూ నవ్వినారు. యోహానన్న గూడా నవ్వినాడు. నవ్వు వచ్చినాక న్యాయం ఎవరు అడుగుతారు? గెలిచిన ఊపులో నేను ఆగకుండా ఇంకో ముక్క తగిలించినాను. "ఇది గాలి లేనప్పటి లెక్క. ఎదురుగాలి కొడితే మాత్రం ఇంకో నాలుగు గంటలు కలుపుకోవాల." ఈ ముక్క ఎవరూ అడగలేదు. జ్ఞానం అట్ల పొంగి పొర్లింది.

అప్పుడు మరియమ్మవ్వ లేచి నిలబడింది. "వాని కాలు నేల మీద లేనంతసేపు నా నోట్లో చుక్క నీళ్లు పోసుకోను. ఉపవాసముండి ప్రార్థన చేస్తా. దేవుడే కింద చెయ్యి పెట్టి మోయాల" అనింది.

"అవ్వా, ముప్పై ఐదు గంటలు! చుక్క నీళ్లు గూడానా?"

"వాడు గాలి మీద ముప్పై ఐదు గంటలు ఉండంగ లేంది, నేను నేల మీద ఉండలేనా?"

పాలెంలో ఇంకా ఇద్దరి కొడుకులు పటాలంలో ఉన్నారు. వాళ్ల తల్లులు "మేమూ ఉంటాం" అన్నారు. వాళ్లుంటే వాళ్ల మరదండ్లు, వాళ్లుంటే పక్కిండ్లవాళ్లు. ఆదివారం గుడిలో యోహానన్న చెప్పేసరికి, పసిపిల్లలూ పాలిచ్చే తల్లులూ తప్ప పాలెమంతా ఉపవాసమని తీర్మానమైపోయింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. చెప్పేవాడు ఎస్సెస్సెల్సీ అయితే వినేవానికి ఉపవాసం.

ఇంకో అవ్వ చల్లగా అనింది గూడా. "పస్తు మనకు కొత్తనా? దేవుని పేరు పెట్టుకోని ఉంటే ఉపవాసం అంటారు, అంతే తేడా." ఆ మాట నాకు ఆ రోజు నవ్వులాటగా వినపడింది. మా ఇంట్లో రెండు పూటలా సంగటి ఉండేది గదా, అందుకు.

శుక్రవారం తెల్లారింది. పాలెంలో గంట బదులు వేలాడదీసిన రైలుపట్టా ముక్క ఠంగుమని మోగింది. విమానం లేచిందని గుర్తు. నేను దుప్పట్లో వెచ్చగా పండుకోని, "చూసినావా, నా లెక్క ప్రకారం పాలెం నడుస్తాంది" అని మురిసిపోయినాను.

కొంచెంసేపటికి మా నాయన కేక వినపడింది.

"రేయ్ సుబ్బిగా! చేలోకి ఒక్కరు రాలే. ఏందిరా సంగతి?"

మాకు గుట్టకింద చేలో నాలుగెకరాల శెనక్కాయ. పీకుడుకు వచ్చింది. తూర్పున రెండు రోజుల నుంచి మబ్బు కడతాంది. ముసురు పట్టేలోపల పీకకపోతే కాయ భూమిలోనే మొలకెత్తిపోతుంది. ముప్పైమంది కూలీలు ఆ రోజు రావాల్సి ఉండింది. ముప్పైమందీ ఉపవాసంలో ఉన్నారు. నా అట్లాసులో బస్రా ఉంది, మణిపూర్ ఉంది. మా గుట్టకింద చేను లేదు. లేనందువల్ల నాకు అది గుర్తుకు రాలేదు.

సంగతి చెప్పినాను. నాయన అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

"వాళ్ల పస్తు లెక్క కట్టింది నువ్వా?"

"అవు నాయనా."

"దేని మీద కట్టినావు?"

"జాబులో రా, పూర్ అని..."

"కనపడిందా?"

"తోచింది."

అప్పటికే అమ్మ నా ముందర సంగటి పెట్టింది. దాని మీద గోంగూర పచ్చడి, పక్కన ఎర్రగడ్డ. నాయన వంగి ఆ గిన్నె ఎత్తుకోని నేరుగా కొట్టంలోకి పోయి ఎద్దుకు పెట్టినాడు. ఎద్దు నా దిక్కు చూస్తా చూస్తా తినింది.

"వాళ్లు తిననంతసేపు నీకూ లేదు" అన్నాడు నాయన. "పా, పీకుదాం."

ఆ రోజంతా నాలుగెకరాల్లో నాయన, అమ్మ, నేను. శెనక్కాయ చెట్టు పీకడం మీరెప్పుడన్నా చేసినారా? వంగాల, మొదలు పట్టుకోవాల, ఊపి లాగాల, దులపాల, పెట్టాల. ముప్పైమంది చేస్తే అది పని. ముగ్గురు చేస్తే శిక్ష. మధ్యాన్నానికి నా నడుము బస్రాలో ఉంది, తల మణిపూర్లో ఉంది. చేతిలో వందల కాయలు. ఒక్కటి నోట్లో వేసుకుందామంటే నాయన కండ్లు నా మీదనే. పెండ్లింట్లో నిండు విస్తరి వడ్డించి చేతులు కట్టేసినట్టుంది నా బతుకు.

శనివారం పొద్దునకు నాకు ఒక గొప్ప సత్యం బోధపడింది. ముప్పై ఐదు అనేది కాగితం మీద చిన్న అంకె. కడుపులో పెద్దది. మధ్యాన్నం పన్నెండు దాటినాక, నాయన నీళ్లకు పోయిన సందు చూసుకోని పాలేనికి పరుగెత్తినాను.

గుడిలో చాపల మీద అందరూ కూర్చోని ఉన్నారు. పాట పాడేవాళ్ల గొంతులు అడుగంటిన బావి చేదలాగ గీరుకుంటాన్నాయి. మరియమ్మవ్వ గోడకు ఆనుకోని ఉంది. పెదాలు పగిలినాయి. కండ్లు మూసుకోని ఏదో గొణుగుతాంది. ఆమెను చూసినాక నాకు నవ్వులాట మొత్తం దిగిపోయింది. ఈమెకు ఏమన్నా అయితే చంపింది నేను.

నిజం చెప్పాలనే పోయినాను. నోరు తెరిచేసరికి, అలవాటు చొప్పున, ఇంకొకటి వచ్చింది.

"అవ్వా, శుభవార్త! విమానం ముందే దిగింటది. తినండి, తాగండి!"

యోహానన్న గోడగడియారం చూసినాడు. "ఇంకా మూడున్నర గంటలుంది గదా తమ్ముడూ?"

"వెనకగాలి తోసింటదన్నా. గాలి తోస్తే తొందరగా దిగుతాది."

"ఇప్పుడు గాలి ఎటునుంచి కొడుతాంది?"

అందరూ బయటికి చూసినారు. తూర్పున మబ్బు నల్లగా దిగింది. వాకిట్లో వేపకొమ్మలన్నీ పడమటికి వంగి ఊగుతాన్నాయి.

"తూర్పుగాలి" అన్నాడు యోహానన్న. "బస్రా పడమర, మణిపూర్ తూర్పు అని నువ్వే పుల్లతో చూపిస్తివి. మరి విమానానికి ఇది ఎదురుగాలి గదా?"

"...అవును."

"ఎదురుగాలైతే నాలుగు గంటలు కలపాలని గూడా నువ్వే చెప్తివి."

నేను వాళ్లను విడిపించేదానికి పోయి ఇంకో నాలుగు గంటలు వేసొచ్చినాను! వెనక ఎవరో పాపం "అయ్యో ప్రభువా" అన్నారు.

ఇంక లాభం లేదని చాప మీద కూలబడి చెప్పేసినాను. "యోహానన్నా, అంతా అబద్ధం. నాకు ఏమీ తెలియదు. బస్రా నేను కల్పించిందే. మణిపూర్ నేను కల్పించిందే. ఎడారి జలగలు ఏ పుస్తకంలోనూ లేవు. నిజంగా ఎంతసేపో నాకు తెలియదు. మీ కాళ్లు పట్టుకుంటా, నీళ్లు తాగండి."

తర్వాత మరియమ్మవ్వ నిదానంగా కండ్లు తెరిచింది.

"మీ నాయన పంపించినాడా అబ్బయ్యా?"

"లేదవ్వా!"

"శెనక్కాయ పీకల్ల గదా మీకు. మబ్బేసింది గదా."

"దానికి గాదవ్వా, ఒట్టు!"

"అట్లయితే ఆ పొద్దు లెక్క చెప్పేటప్పుడు నీ గొంతు కంచుగంట లాగుండె. ఇప్పుడేమో వణుకుతాంది. ఏది అబద్ధమో నాకు తెలియదా?"

తలలన్నీ అవునన్నట్టు ఊగినాయి. చూసినారా, మా కాలపు న్యాయం! అబద్ధం చెప్తే నేల మీద పటం పరిచి విన్నారు. పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి నిజం చెప్తే, చేలో పని కోసం వచ్చినాడన్నారు. వాళ్లను అనేదానికి లేదు. మా ఊరోళ్లు ఆ పాలెంలోకి పని కోసం తప్ప ఇంకెందుకు పోయినారు గనుక?

యోహానన్న మాత్రం నా మొగం దిక్కు చాలాసేపు చూసినాడు. తర్వాత లేచి, "గాలి సంగతి దేవునికి విడిచిపెడదాం. ముందర అనుకున్నట్టు నాలుగింటికే ముగిద్దాం" అన్నాడు. నా నిజానికి దక్కిన ఫలం అదొక్కటి. నాలుగు గంటలు తెచ్చి, ఆ నాలుగు గంటలే తీయించినాను.

నాలుగింటికి పట్టా మోగింది. ముందర మరియమ్మవ్వకు గంజి పట్టినారు. రెండు గుక్కలు మింగి, "దిగినాడు నా బిడ్డ" అనింది. అంతే, వాన మొదలైంది. గుడి నుంచి ఇంటికి పోయేలోపలే మా గుట్టకింద చేను మడుగైపోయింది.

ఆదివారం పాలెంలో పండగ. మరియమ్మవ్వ తనకున్న ఒక్క గుడ్లకోడిని కోసి, పొద్దున్నే కూరొండి, ఉపవాసమున్నవాళ్లందరికీ తలా రవ్వంత పంచింది. సోమవారం ముప్పైమందీ ఎవరూ పిలవకుండానే బురదలోకి దిగి, మిగిలినకాడికి పీకి పెట్టినారు. సగం మొలకలొచ్చినాయి. ఆ చలికాలమంతా మా ఇంట్లో మొలకల శెనక్కాయే కూర, అదే పచ్చడి, అదే పలారం. నాయన ఒక్కసారి మాత్రం అట్లాసు తెరిపించినాడు.

"దీంట్లో మన చేను ఎక్కడుందిరా?"

"అంత చిన్నవి వేయరు నాయనా."

"నువ్వు తినేది దీంట్లో లేదు. నువ్వు తిననిదంతా దీంట్లో ఉంది. మూసెయ్."

మూసేసినాను. మిగిలిన దేశాలు గూడా చెదలకు వదిలేసినాను.

ఎండాకాలంలో దేవదానం సెలవు మీద వచ్చినాడు. చేతికి గడియారం, కాళ్లకు బూట్లు, మీసం గూడా పటాలం మీసమే. పాలెమంతా వాని చుట్టూ మూగింది. నేను ఇంట్లో మూల చూసుకోని కూర్చున్నాను. ఒకడు వచ్చి, "మరియమ్మవ్వ రమ్మంటాంది" అన్నాడు. "కడుపునొప్పి అని చెప్పు" అన్నాను. మా నాయన పంచలోనుంచి, "పోరా. కట్టిన లెక్కకు మార్కులు తెచ్చుకోవద్దా?" అన్నాడు.

పోయినాను. పొయ్యి మీద పొట్టేలు కూర ఉడుకుతాంది. అందరూ గుండ్రంగా కూర్చోని ఉన్నారు. అవ్వే అడిగింది, అందరూ వినేటట్టు.

"దేవదానం, ఆ ఏరోప్లేను ఎంతసేపు పోయింది నాయనా?"

"ఏ ఏరోప్లేను? ఓ, అదా! ఇరవై నిమిషాలు."

"ఇరవై గంటలా?" అన్నాడు యోహానన్న.

"ఇరవై నిమిషాలన్నా. ఒక కొండకు ఆ పక్క అడవి కొట్టేసి నేల చదును చేసినారు, ఈ పక్కా అట్లనే చేసినారు. వాటినే ఏరోడ్రోములంటారు. మన గిద్దలూరుకూ నంద్యాలకూ ఉన్నంత దూరం గూడా లేదు. నడిస్తే మూడు రోజులు, జలగలు. ఎగిరితే బీడీ కాల్చేంతసేపు."

అందరి తలలూ నా దిక్కు తిరిగినాయి. నేను నేలలోకి చూస్తాన్నాను, ఎక్కడన్నా చదును చేయని చోటుంటే దూరిపోదామని.

"సరేలే" అనింది అవ్వ, పెద్దమనసుతో. "ఎక్కువైతే ఎక్కువైంది. ఆ ఇరవై నిమిషాలు దాంట్లోనే ఉన్నాయి గదా. శుక్రవారం తెల్లారి అయిదింటికి."

"శుక్రవారం ఎక్కడమ్మా పోయింది? కొండ మీద మబ్బని ఆపేసినారు. శుక్ర, శని రెండు రోజులూ డేరాల్లో పండుకోని నిద్రపోయినాం. తిండికేం కొదవ లేదు, డబ్బాల కొద్దీ. ఆదివారం పొద్దున ఎండొచ్చినాక ఎక్కించినారు."

లెక్క నేను చెప్పాల్సిన పని లేకపోయింది. అందరికీ ఒకటేసారి తెలిసిపోయింది. వాడు డేరాలో బొజ్జ నింపుకోని నిద్రపోయేటప్పుడు ఈమె చుక్క నీళ్లు లేకుండా మాడింది. వాడు గాలి మీద ఉన్నప్పుడు ఈమె పొయ్యి ముందర కూర్చోని కోడికూర ఉప్పు చూస్తాంది.

మొదట నవ్వింది యోహానన్న. ఆయన ఒక పక్కకు ఒరిగిపోయినాడు. తర్వాత పాలెమంతా. కండ్లనీళ్లు కారంగ, ఒకరి మీద ఒకరు పడంగ నవ్వినారు. అవ్వ మాత్రం నవ్వలేదు. లేచి, మట్టిచిప్పలో కూర, పక్కన జొన్నరొట్టె తెచ్చి నా ముందర పెట్టింది.

"దేవదానం, నీ గడియారం చూడు. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు ఎవరూ ఉపవాసం లేరు గదా. ఈ అబ్బయ్య ఉంటాడు."

ఉన్నాను. అమ్మో! ముప్పై ఐదు గంటలు ఆకలితో శెనక్కాయ పీకినోణ్ణి, పొట్టేలు కూర ముందర ఇరవై నిమిషాలు కూర్చోలేకపోయినాను. చుట్టూ అందరూ చప్పుడు చేస్తా ఎముకలు జుర్రుతాన్నారు. దేవదానం నిమిషానికొకసారి, "ఇప్పుడే కొండ దాటినాం... ఇప్పుడే చక్రాలు దించినారు..." అని చెప్తాన్నాడు. చివరికి "దిగింది!" అన్నాడు.

"ఇంక తిను" అనింది అవ్వ, ఎదురుగా కూర్చోని. అని, నా చెయ్యి దిక్కే చూసింది.

ఊరోళ్లు పాలెంలో మంచినీళ్లు గూడా ముట్టని కాలం అది. అందరి నములుడూ ఆగిపోయింది. నేనేదో లోకాన్ని దిద్దేదానికి తిన్నానని అనుకునేరు. సిగ్గుతో తిన్నాను, ఆకలితో తిన్నాను. మూడు రొట్టెలు తిన్నాను. అప్పుడు నవ్వింది మరియమ్మవ్వ.

నేను ఇల్లు చేరేలోపల కబురు చేరింది. అమ్మ వాకిట్లోనే ఆపి, బావి దిక్కు చూపించి తలమీద నాలుగు బిందెలు పోసుకోమనింది. నాయన అరుగు మీద నుంచి చాలాసేపు చూసి, అమ్మ లోపలికి పోయినాక మెల్లగా అడిగినాడు.

"కూర ఎట్లుంది?"

"బాగుంది నాయనా."

"కారం?"

"సరిపోయింది."

"ఊఁ" అన్నాడు, పాలెం దిక్కు చూస్తా.

తడిబట్టలతో అక్కడే నిలబడి ఆ పొద్దు ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఏ తల్లి వచ్చి ఏ కొడుకు ఎంత దూరంలో ఉన్నాడని అడిగినా, "తెలియదు" అనే నాలుగక్షరాలు తప్ప ఇంకేమీ పలకను అని. పలికేదానికి ఆ మాటకు ఎంతసేపు పడుతుందో మాత్రం చెప్పలేను. ఇప్పటిదాకా ఎప్పుడూ పూర్తిగా బయటికి రాలేదు.